గార్డుగారికి పదకొండింటి టీ

ప్రభుత్వం కత్తెరక్కకి ప్రాణరక్షణ ఇచ్చింది. ఆ రక్షణ ఒక సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆమె గుమ్మం ముందు దిగింది. ఒక మనిషి, ఒక తుపాకీ, ఒక రిజిస్టరు. మనిషికి బొజ్జ, తుపాకీకి తుప్పు. తుపాకీని ఎవరూ ఎత్తుకుపోకుండా గొలుసుతో మనిషి బెల్టుకి తగిలించారు. మనిషిని ఎవరూ ఎత్తుకుపోకుండా మాత్రం ఏ ఏర్పాటూ లేదు, బహుశా ఆ భయం ఎవరికీ కలగలేదు. కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీ, తాగడానికి రెండు లీటర్ల సీసా నిండా నీళ్లు గార్డుగారు సొంత ఇంటి నుంచి తెచ్చుకున్నాడు.

కత్తెరక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఆమె ఆడవాళ్ల బట్టలు కుడుతుంది. చేతిలో కత్తెర ఎంత పదునో నోరూ అంతే పదునని ఎవరో ఆ పేరు పెట్టారు. పెట్టినవాళ్లు ఆ తర్వాత బట్టలు కుట్టించుకోవడానికి వేరే వీధికి వెళ్లాల్సి వచ్చింది.

ఆమెకి రక్షణ ఎందుకంటే, ఆమె సాక్షి. ఆమె తమ్ముడు ఎలక్ట్రీషియన్. వీధి చివర మేడలో పడకగది ఫ్యాను తిరగడం లేదని కబురొస్తే వెళ్లాడు. నిచ్చెన అడిగితే లేదన్నారు. ఫ్యానేమో సరిగ్గా మంచం పైన ఉంది. చెప్పులు విప్పి, కాళ్లు తుడుచుకుని, పరుపు చుట్టి పక్కన పెట్టి మంచమెక్కాడు. ఫ్యాను బాగయింది. అది తిరుగుతుండగానే మేడాయన కొడుకు లోపలికొచ్చి, ఈ కులంవాడు మా నాన్న మంచమెక్కడమేమిటని అరిచి, ఇనుప రాడ్డుతో వాడి రెండు చేతులూ నుజ్జు చేశాడు. కుట్టిన బట్టలు ఇచ్చిపోదామని అప్పుడే గుమ్మం దాకా వెళ్లిన కత్తెరక్క అదంతా కళ్లారా చూసింది, ఆ మాట చెవులారా విన్నది. మిగతా వీధి ఆ సమయానికి మూకుమ్మడిగా నిద్రపోతోందట. పొద్దున్న పదకొండింటికి.

తమ్ముడి వేళ్లు అతుక్కున్నాయి గానీ వంకరగా అతుక్కున్నాయి. స్క్రూడ్రైవరు పట్టుకుంటే జారిపోతోంది. ఇరవై ఆరేళ్లవాడు చొక్కా గుండీలు అక్క చేత పెట్టించుకుంటున్నాడు. గుండీలు పెట్టేటప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

కుల దాడుల మీద ప్రత్యేక చట్టం ఒకటుంది. కులం పేరెత్తి కొట్టారని రుజువైతే ఆ చట్టం పనిచేస్తుంది. కాకపోతే అదొక చిల్లర కొట్లాట, జరిమానా కట్టి ఇంటికి పోవచ్చు. తమ్ముడు కాక ఆ మాట విన్నది కత్తెరక్క ఒక్కతే. ఆమె బోనెక్కి చెబితేనే కేసు నిలుస్తుంది. మేడవాళ్లు రెండుసార్లు ఆమె ఇంటి మీద రాళ్లు వేయించాక, కుల దాడుల నివారణ విభాగం వాళ్లు కదిలి ఈ గార్డుని పంపారు.

మొదటిరోజే ఆమె గ్లాసు కడిగి నీళ్లు పట్టుకెళ్లింది.

"మంచినీళ్లు తాగండి సారూ."

"వద్దమ్మా. డ్యూటీలో ఏమీ పుచ్చుకోకూడదు," అన్నాడు గార్డు.

ఎంత నిప్పులాంటి మనిషో అనుకుని ఆమె మురిసిపోయింది. ఆ మురిపెం పదకొండింటి దాకా ఉంది. పదకొండింటికి మేడ నుంచి టీ వచ్చింది. గాజు గ్లాసు, కింద సాసరు, సాసర్లో రెండు బిస్కెట్లు. బెయిలు మీదున్న మేడాయన కొడుకే స్వయంగా తెచ్చాడు. గార్డు కుర్చీలోంచి సగం లేచి, రెండు చేతులతో అందుకుని, ఊదుకుంటూ తాగాడు. ఎవడి నుంచి ఆమెని కాపాడాలో వాడి చేతి టీ.

"డ్యూటీలో పుచ్చుకోనన్నారు?" అంది కత్తెరక్క.

"అది వేరమ్మా. వాళ్లు మావాళ్లు," అన్నాడు గార్డు. టైమెంతయిందో చెప్పినంత మామూలుగా అన్నాడు.

ఆ రోజు ఆమె కత్తిరించిన బట్ట వంకరపోయింది. పన్నెండేళ్లలో అలా ఎప్పుడూ కాలేదు.

ఆ తర్వాత ఆమెకి మరో సంగతి తెలిసింది. గార్డుగారు ఆ ఇంటి దొడ్డి కూడా వాడడు. అవసరం పడితే రెండు వీధుల అవతల పెట్రోల్ బంకుకి వెళ్లొస్తాడు. వెళ్లేముందు "అమ్మా, నేనొచ్చేదాకా గడియ పెట్టుకో" అని హెచ్చరిస్తాడు. పోయి రావడానికి అరగంట. ఆ అరగంట ప్రభుత్వ రక్షణ పెట్రోల్ బంకులో ఉంటుంది. వచ్చాక రిజిస్టరు తెరిచి, గంట గంటకీ ఎదురుగా ఒకే మాట రాస్తాడు: శాంతియుతం.

ఆమె ఊరుకునే రకం కాదు. గార్డుని వెంటేసుకుని నివారణ విభాగం అధికారి దగ్గరికెళ్లి గార్డు మీదే ఫిర్యాదు చేసింది. గార్డు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు, ఎందుకంటే రక్షిత వ్యక్తిని కంటికి కనపడేంత దూరంలో ఉంచుకోవాలని నిబంధన.

అధికారి పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. "చూడమ్మా, నీళ్లు తాగమని ఆర్డరెలా ఇస్తాం? మా నిబంధనల్లో రక్షణ ఉంది గానీ దాహం లేదు. రిజిస్టరేమో అంతా శాంతియుతమంటోంది. ఇలాగే ఇంకో నెల ఉంటే నీకు ముప్పు తప్పిపోయినట్టే. అప్పుడు గార్డుని తీసేస్తాం. నీకు ఈ గొడవా ఉండదు."

"అబ్బ, ఎంత దయండీ," అంది కత్తెరక్క.

కోర్టు సంగతి ఇంకా ముచ్చటగా నడిచింది. మొదటి వాయిదా రోజున ముగ్గురూ వెళ్లారు: ఆమె, గార్డు, తుపాకీ. తుపాకీతో లోపలికి రాకూడదన్నారు గేటు దగ్గర. తుపాకీని వదిలి వెళ్లకూడదని గార్డు. గార్డు లేకుండా సాక్షి అడుగు వేయకూడదని కాగితం. ముగ్గురూ సాయంత్రం దాకా గేటు బయట నిలబడ్డారు. లోపల బంట్రోతు మూడుసార్లు పిలిచి, సాక్షి గైర్హాజరని రాయించాడు. ఆమె గేటు చువ్వల్లోంచి "ఇక్కడే ఉన్నాను మహాప్రభో!" అని అరిచింది. అరుపులు రికార్డులోకి ఎక్కవన్నారు.

రెండో వాయిదాకి, గేటు పక్క ఠాణాలో తుపాకీ అప్పగించవచ్చని సర్క్యులర్ వచ్చింది. తీరా ఆ రోజు గార్డు రాలేదు. నగరంలో కుల దాడుల నివారణ వారోత్సవం, మంత్రిగారి సభ, గార్డులందరికీ అక్కడ డ్యూటీ. కుల దాడుల సాక్షిని ఇంట్లో కూర్చోబెట్టి కుల దాడులు ఆగాలని మంత్రిగారు గంటన్నర మాట్లాడారు. కత్తెరక్క రేడియోలో విన్నది. కొన్ని మాటలు నిజంగా బాగున్నాయి.

జడ్జిగారికి విసుగొచ్చింది. వచ్చేసారి సాక్షి రాకపోతే సాక్ష్యం ముగిస్తానన్నారు. అంటే కేసు గోవిందా.

*

మూడో వాయిదా నాటికి గార్డు వచ్చి ఎనభై రెండు రోజులు. పదిన్నరకి కోర్టు. తమ్ముడు తెల్లవారే లేచి కూర్చున్నాడు. ఆమె వాడికి ఇస్త్రీ చొక్కా తొడిగి గుండీలు పెడుతుండగా బయట గొంతు వినిపించింది.

"ఈరోజు మీకు కోర్టు పని కదా, పదకొండింటికి ఉండరు. అందుకని పొద్దున్నే తెచ్చా." మేడాయన కొడుకు. నవ్వుతున్నాడు. టీ ఈసారి పెద్ద గ్లాసులో ఉంది.

గార్డు తాగి మూతి తుడుచుకున్నాడు. అరగంట గడిచింది. కత్తెరక్క చీర మార్చుకుని బయటికొచ్చేసరికి కుర్చీలో మనిషి చెమటలు కక్కుతున్నాడు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"ఏమైంది సారూ?"

గార్డు లేచి పెట్రోల్ బంకు వైపు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. రెండు వీధుల దూరాన్ని మనసులో కొలిచాడు. కొలత కుదరలేదు. గిరుక్కున వెనక్కి తిరిగి, గొలుసూ తుపాకీ గలగలలాడిస్తూ, ఎనభై రెండు రోజులుగా తొక్కని గుమ్మం తొక్కి, కుట్టుమిషను పక్కనుంచి దూసుకెళ్లి, దొడ్డి తలుపు వేసుకున్నాడు.

కత్తెరక్కకి విషయం ఇట్టే అర్థమైంది. విరేచనాల మందు. గార్డు లేవకపోతే తను కదలకూడదు. తను కదలకపోతే సాక్ష్యం లేదు. వేళ్లు విరగ్గొట్టినవాడికి బుర్ర కూడా ఉందని ఆమె అనుకోలేదు. ఒళ్లు మండిపోయింది, ఆ మంటలోనే నవ్వు కూడా వచ్చింది.

దొడ్డి తలుపు దగ్గరికెళ్లి నిలబడింది. లోపలి నుంచి మూలుగు.

"సారూ, బకెట్లో నీళ్లున్నాయి. మా నీళ్లే. ఫర్వాలేదా, లేకపోతే మేడ నుంచి తెప్పించమంటారా?"

లోపల చెంబు బకెట్లో మునిగిన చప్పుడు వినిపించింది.

తొమ్మిదిన్నరకల్లా అలా అయిదుసార్లయింది. గార్డు గోడకి చేరగిలపడి కళ్లు తేలేశాడు. ఆమె సొంతంగా ఆటో ఎక్కిపోదామా అనుకుంది. గార్డు లేకుండా గడప దాటితే రక్షణ వద్దనుకున్నట్టే అని సంతకం చేయించుకున్నారు. మేడవాళ్ల మనుషులు ఇద్దరు వీధి మలుపులో ఊరికే నిలబడి ఉన్నారు. ఊరికే నిలబడే అలవాటు వాళ్లకి లేదు.

తమ్ముడు వంటగదిలోకెళ్లి, పంచదారా ఉప్పూ కలిపిన నీళ్లు పెద్ద గ్లాసు నిండా తెచ్చాడు. వేళ్లు పట్టు ఇవ్వవు కాబట్టి రెండు మణికట్ల మధ్య గ్లాసు ఇరికించుకుని, తొణక్కుండా మెల్లగా నడిచి వచ్చాడు. గార్డు ముందు మోకాళ్ల మీద కూర్చుని గ్లాసు చాచాడు.

గార్డు ఆ గ్లాసుని చూశాడు. దాన్ని పట్టుకున్న చేతుల్ని చూశాడు. ఎనభై రెండు రోజులు అదే గుమ్మం ముందు కూర్చున్నాడు గానీ ఆ వేళ్లని అంత దగ్గర నుంచి చూడటం అదే మొదలు. అయినా చెయ్యి చాచలేదు.

కత్తెరక్కకి ఓపిక నశించింది. సారూ గీరూ అన్నీ ఎగిరిపోయాయి.

"ఒరేయ్ నాయనా! పొద్దుటినుంచీ అయిదుసార్లు పోయింది. నీ లోపల కులమనేది ఏదైనా ఉంటే ఈపాటికి అదీ పోయే ఉంటుంది. ఇంక దాచుకోడానికేం మిగిలింది? తాగు!"

గార్డు తాగాడు. గటగటా తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు. అది కూడా అయ్యాక, ఎవరి వైపూ చూడకుండా, "టీ కొంచెం చేదుగా ఉందనుకున్నాను," అన్నాడు.

"ఎవరిచ్చారు మరి? మీవాళ్లే కదా," అంది కత్తెరక్క.

పది అవుతుండగా ఆటో కదిలింది. గార్డు మధ్యలో, అక్కా తమ్ముడూ చెరో పక్క. పడిపోకుండా వాళ్లిద్దరూ అతన్ని పట్టుకున్నారు. అతని ఒళ్లో ఒక ఖాళీ బకెట్టు, ముందుజాగ్రత్తకి. వీధి మలుపులో నిలబడ్డవాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. ఎవరు ఎవరికి రక్షణగా వెళ్తున్నారో వాళ్లకి అర్థమైనట్టు లేదు. దారిలో ఒకసారి ఆటో ఆపాల్సి వచ్చింది. ఆటోవాడు అడిగితే కత్తెరక్క "సర్కారు పని, ఆలస్యమవుతుంది" అంది.

*

ఆమె బోనెక్కింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. కులం పేరుతో అన్న మాటని అక్షరం పొల్లు పోకుండా కోర్టులో అప్పజెప్పింది. తమ్ముణ్ని చేతులు చూపించమన్నారు. వాడు వంకర వేళ్లు పైకెత్తినప్పుడు మాత్రం ఆమెకి ఏడుపొచ్చింది. దుఃఖంతో కాదు, కోపంతో వచ్చింది. కొంగుతో ఒక్కసారి గట్టిగా తుడుచుకుంది.

మేడవాళ్ల వకీలు లేచాడు. మంచి గంజి పెట్టిన కోటు.

"అయ్యా, ఇందులో కులం లేనే లేదు. సామాను పగలగొట్టాడని చిన్న తోపులాట, అంతే. కులద్వేషమే ఉంటే, నా క్లయింటు రోజూ ఈమెగారి గార్డుకి టీ పంపిస్తాడా? ఆ వీధంతా ఒక కుటుంబం. ప్రభుత్వ రిజిస్టరే చూడండి, ఎనభై రెండు రోజులూ శాంతియుతం." రిజిస్టరు నకలు జడ్జిగారి బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర దారబందాన్ని కావలించుకుని నిలబడ్డ గార్డు వైపు చెయ్యి చూపించాడు. "గార్డు ఇక్కడే ఉన్నాడు. అనుమతిస్తే ఒక్క ప్రశ్న."

జడ్జిగారు కళ్లద్దాలు సర్దుకుని రమ్మన్నారు. తుపాకీ ఠాణాలో ఉండిపోయింది కాబట్టి, బెల్టుకి వేలాడే ఖాళీ గొలుసు ఈడ్చుకుంటూ గార్డు బోనెక్కాడు.

కత్తెరక్క తమ్ముడి వైపు చూసింది. ఇతను వాళ్లవాడు. ఆ మాట ఇతనే చెప్పాడు. ఇప్పుడు "అవునండి" అని ఒక్క ముక్క అంటే చాలు, తమ్ముడి పది వేళ్లూ చిల్లర కొట్లాట కిందికి పోతాయి. రెండు గ్లాసుల ఉప్పునీళ్లకి ఎవరైనా కులాన్ని కాదనుకుంటారా?

"ఈమె ఇంటి ముందు అన్నాళ్లున్నావు," అన్నాడు వకీలు హుషారుగా. "వాళ్లింట్లో టిఫినూ, మంచినీళ్లూ నీకేం లోటు లేదు కదా? ఆ వీధిలో కులం పట్టింపులేమీ నువ్వు చూడలేదు కదా?"

గార్డు మేడాయన కొడుకు వైపు చూశాడు. వాడు నవ్వాడు. పొద్దున టీ ఇచ్చినప్పుడు నవ్విన నవ్వే.

"చూశానండి," అన్నాడు గార్డు.

"ఏం చూశావు?"

"నన్నే చూశానండి. ఎనభై రెండు రోజులు ఆ ఇంటి నీళ్లు ముట్టలేదు. వాళ్లు ఇవ్వక కాదు, నేను తాగక. మా కులం, మేడవాళ్ల కులం ఒకటే. అందుకే వాళ్ల టీ తాగాను." వకీలు ఆపబోయాడు. జడ్జిగారు చేత్తో వారించారు. "వాళ్ల మంచం నేనెక్కితే నాకు దిండేస్తారండి. ఆ కుర్రాడెక్కితే చేతులు విరగ్గొట్టారు. ఆ తేడా నాకు మొదటిరోజే తెలుసు. తెలిసే శాంతియుతమని రాశాను."

టైపు చేసేవాడి చేతులు ఆగకుండా కదులుతున్నాయి.

"మరి ఇవాళెందుకు చెబుతున్నావు?" అన్నారు జడ్జిగారు.

"ఇవాళ మావాళ్ల టీలో మందు కలిపారండి. వీళ్లు నీళ్లిచ్చి బతికించారు." గార్డు ఒక్కసారి బోను కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. మొహం రంగు మారింది. "అయ్యా, మిగతాది తర్వాత చెప్తాను, ఒక్క నిమిషం అనుమతిస్తే..."

అనుమతి వచ్చేలోపే గొలుసు గలగలలాడింది. కోర్టంతా నవ్వింది, జడ్జిగారు కూడా కాగితం అడ్డం పెట్టుకుని నవ్వారు. మేడాయన కొడుకు మాత్రం నవ్వలేదు. కత్తెరక్క నవ్వుతూ నవ్వుతూ మళ్లీ కళ్లు తుడుచుకుంది. ఈసారి అది కోపం కాదు.

*

ప్రత్యేక చట్టం కిందే శిక్ష పడింది. మేడవాళ్లు పైకోర్టుకి వెళ్లారు. అక్కడ తేలేదాకా సాక్షికి రక్షణ కొనసాగించాలన్నారు.

గార్డుకి మెమో వచ్చింది. రక్షిత వ్యక్తి మరుగుదొడ్డిని పైఅధికారి అనుమతి లేకుండా వాడినందుకు, రిజిస్టర్లో రాసినదానికి విరుద్ధంగా కోర్టులో నిజం చెప్పినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఆ తర్వాత ఎక్కడో గోడౌనుకి కాపలా వేశారు. పోయేముందు వచ్చి, గుమ్మంలో నిలబడే ఒక గ్లాసు నీళ్లు అడిగి తాగాడు.

"కడుపెలా ఉందిరా?" అంది కత్తెరక్క.

"బాగానే ఉందక్కా. కుర్చీ ఉంచు, నాకక్కడ స్టూలు ఇస్తారట," అన్నాడు.

కొత్త గార్డు సోమవారం ఎనిమిదింటికి వచ్చాడు. సన్నగా, చురుగ్గా ఉన్నాడు. తుపాకీకి కొత్త గొలుసు. చంకలో రెండు లీటర్ల నీళ్ల సీసా. పాత గార్డు వదిలిన కుర్చీని జేబురుమాలుతో బాగా తుడిచి కూర్చున్నాడు.

కత్తెరక్క గ్లాసు కడిగి నీళ్లు పట్టుకెళ్లింది.

"వద్దమ్మా. డ్యూటీలో ఏమీ పుచ్చుకోను."

"అలాగే సారూ," అంది ఆమె, ఎంతో వినయంగా. "మరొక సంగతి. రెండు వీధుల అవతలున్న పెట్రోల్ బంకు నిన్నటినుంచి మూసేశారు, బాగుచేస్తున్నారట. మా దొడ్డికి తాళం వేసే ఉంటుంది. తాళంచెవి లోపల నీళ్లకుండ పక్కన మేకుకి వేలాడుతోంది. ఎవరైనా తీసుకోవచ్చు. ముందు ఓ గ్లాసు నీళ్లు తాగి తీసుకోవాలి, మా ఇంటి నిబంధన."

గార్డు ముఖం చిట్లించి, సీసా మూత తీసి, తన నీళ్లు తాను గట్టిగా రెండు గుక్కలు తాగాడు. ఆమె లోపలికొచ్చి మిషను ముందు కూర్చుంది. తమ్ముడు పక్కన నేల మీద కూర్చుని, వంకర వేళ్ల మధ్య స్క్రూడ్రైవరు పెట్టుకుని పాత స్విచ్చు బోర్డు మీద సాధన చేస్తున్నాడు. అది జారిపోతోంది, మళ్లీ పట్టుకుంటున్నాడు.

పదకొండింటికి మేడ నుంచి టీ రాలేదు. ఒంటిగంటకి సీసా సగమైంది. రెండున్నరకి బయట కుర్చీ ఒకసారి కిర్రుమంది, కాసేపాగి మళ్లీ కిర్రుమంది. తమ్ముడు స్క్రూడ్రైవరు కింద పెట్టి అక్క వైపు చూశాడు.

ఆమె మిషను ఆపలేదు. "గ్లాసు కడుగు," అంది.